జల్‌పల్లి గేటు ముందు మైకులు



2024 డిసెంబరు 10. హైదరాబాద్ శివారులోని జల్‌పల్లిలో సినీనటుడు మోహన్‌బాబు ఇంటి ముందు కెమెరాలు, మైకులు మోహరించి ఉన్నాయి. ఇంట్లో తండ్రీకొడుకుల తగాదా అప్పటికే పోలీస్ స్టేషన్ దాకా వెళ్లింది. ఆ రాత్రి కొడుకు మనోజ్ గేటు తోసుకుని లోపలికి వెళ్లారు. ఆయన వెంట మీడియా కూడా వెళ్లింది. ఒక టీవీ విలేకరి మైకు ముందుకు చాపి ప్రశ్న అడిగారు. మోహన్‌బాబు ఆ మైకు లాక్కుని దానితోనే విలేకరిని కొట్టారు. ఆ దెబ్బకు విలేకరి ముఖంలో ఎముక విరిగింది. శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది.

తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. జర్నలిస్టులు ధర్నాలు చేశారు. పహాడీ షరీఫ్ పోలీసులు కేసు పెట్టారు, ఆ తర్వాత అందులో హత్యాయత్నం సెక్షన్ కూడా చేర్చారు. మోహన్‌బాబు ఎక్స్‌లో బహిరంగంగా క్షమాపణ కోరారు, ఆస్పత్రికి వెళ్లి విలేకరిని పరామర్శించారు. డిసెంబరు 23న తెలంగాణ హైకోర్టు ముందస్తు బెయిలు నిరాకరించింది. 2025 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు మంజూరు చేసింది.

విలేకరిని కొట్టడం నేరమా కాదా అన్న మీమాంస నాకు లేదు. ప్రశ్న నచ్చకపోతే జవాబు చెప్పకుండా లోపలికి వెళ్లిపోవచ్చు, చెయ్యి ఎత్తే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఈ ప్రసంగంలో నేను మాట్లాడదలచుకున్నది ఆ దెబ్బకు ముందు సంగతి. ఒక కుటుంబం ఆస్తి తగాదాకో, మాట పట్టింపుకో అన్ని మైకులు ఒకేసారి ఒక గేటు ముందు ఎందుకు నిలబడ్డాయి? గేటు తెరుచుకోగానే అవన్నీ లోపలికి ఎందుకు పరిగెత్తాయి? ఇందులో విలేకరుల స్వభావం కన్నా వాళ్ల చేతుల్లోకి వచ్చిన పనిముట్ల పాత్ర ఎక్కువని నా అభిప్రాయం.

ముందు పాతకాలం సంగతి చూద్దాం. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టినప్పుడు అది వారానికి రెండుసార్లు వచ్చేది. ఊళ్లో ఏదైనా జరిగితే అది అచ్చులో కనబడటానికి రోజులు పట్టేది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. కొన్నేళ్లకు జిల్లా పేజీలు వచ్చాయి. మండలానికొక కంట్రిబ్యూటర్ తయారయ్యాడు. ఆయన వార్తను తెల్లకాగితాల మీద చేత్తో రాసి, కవర్లో పెట్టి, ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాడు. బస్టాండులో ఆఫీసు మనిషి ఆ కవరు అందుకునేవాడు. డెస్కులో సబ్ ఎడిటర్ దాన్ని చదివి, ఎర్రసిరాతో దిద్ది, అనుమానం వస్తే ట్రంక్ కాల్ చేసి అడిగేవాడు. తర్వాత ఫ్యాక్సు వచ్చింది, ఆ తర్వాత కంప్యూటర్, మెయిలు. అయినా రాత్రి ఎడిషన్ మూసేదాకా కొన్ని గంటల వ్యవధి ఉండేది.

ఆ వ్యవధిలో ఎన్నో పనులు జరిగేవి. పేరు తప్పు పడిందా అని చూసేవారు. అవతలి పక్షాన్ని అడిగేవారు. ఇది మనం వేయాల్సిన వార్తేనా అని ఒక పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించేవాడు. దీన్ని స్వర్ణయుగమని నేననను. ఆ వ్యవధిలోనే వార్తను తొక్కిపెట్టడమూ జరిగేది. యజమానికి ఫోను వచ్చేది, స్థానిక నాయకుడికి నచ్చని వార్త కవరులోనే ఉండిపోయేది. పేద బస్తీ గోడు జిల్లా పేజీ దాకా కూడా చేరేది కాదు. అయితే ఒక్క విషయం గమనించాలి. ఆ ఆలస్యాన్ని ఎవరూ నీతిసూత్రంగా పెట్టుకోలేదు. బస్సు నడిచే వేగమూ, అచ్చుయంత్రం తిరిగే వేళా దాన్ని తెచ్చిపెట్టాయి. వృత్తి ఆ ఖాళీని వాడుకుని తన మంచి అలవాట్లు నేర్చుకుంది. ఇప్పుడు యంత్రం ఆ ఖాళీని తీసేసింది. అలవాట్లకు నిలబడే చోటు లేకుండా పోయింది.

అది ఒక్కరోజులో పోలేదు. 2004లో టీవీ9 రాకతో తెలుగులో ఇరవైనాలుగు గంటల వార్తల జోరు పెరిగింది. అప్పట్లో లైవ్ ఇవ్వాలంటే ఓబీ వ్యాన్ కదలాలి. నెత్తిన డిష్, లోపల ఇంజనీరు, వెనక డీజిలు ఖర్చు. ఉన్న వ్యాన్లు కొన్నే కాబట్టి ఎక్కడికి పంపాలో ఆఫీసులో ఎవరో ఒకరు తేల్చుకోవాలి. తర్వాత వీపున తగిలించుకునే సంచీ వచ్చింది. అందులో కొన్ని సిమ్ కార్డులు కలిసి వ్యాన్ చేసే పని చేస్తాయి. 2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది. ఇక యూట్యూబ్ ఛానల్‌కు ఆ సంచీ కూడా అక్కర్లేదు. ఒక ఫోను, ఒక లోగో మైకు ఉంటే చాలు. జల్‌పల్లి గేటు దగ్గరికి వెళ్లడానికి ఇవాళ ఎవరి అనుమతీ అక్కర్లేదు. వెళ్లకపోతే మాత్రం ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. పక్క ఛానల్లో లైవ్ నడుస్తోంది, నువ్వెక్కడున్నావని అడుగుతారు.

గేటు బయట ఉన్న విలేకరి కష్టం మనకు కనబడింది. ఇక వార్తగా మారిన మనిషి కష్టం చూడాలి. దానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. జల్‌పల్లికి పడమరగా శంషాబాద్ ఉంది, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు మీద తొండుపల్లి టోల్ ప్లాజా ఉంది. 2019 నవంబరు 27 రాత్రి ఆ టోల్ ప్లాజా దగ్గర ఒక యువ పశువైద్యురాలిని నలుగురు ఎత్తుకెళ్లారు. అత్యాచారం చేసి చంపి, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద మృతదేహాన్ని కాల్చారు. దేశం మొత్తం కదిలిపోయింది. ఆ ఆగ్రహం న్యాయమైనదే.

ఆ ఆగ్రహంలో ఒక చట్టం కొట్టుకుపోయింది. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టకూడదని భారత శిక్షాస్మృతి 228ఏ సెక్షన్ అప్పటికే చెప్పింది. బాధితురాలు మరణించినా పేరు చెప్పకూడదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుకు ఏడాది నిండకముందే ఆమె పేరు హ్యాష్‌ట్యాగ్ అయింది. ఫొటో ప్రతి ఫోనులోకీ వెళ్లింది. డిసెంబరు 1న సైబరాబాద్ పోలీసు కమిషనర్ వి.సి. సజ్జనార్, ఇకపై ఆమెను 'దిశ' అని పిలవాలని కోరారు. చాలామంది పాటించారు. కానీ అప్పటికి రోజులు గడిచాయి. కాగితం మీద అచ్చయిన తప్పు మర్నాటికి పాతపేపరైపోతుంది. ఇది అలా కాదు, ఇవాళ వెతికినా దొరుకుతుంది. నిందితుల్లో ఒకరి మతాన్ని మాత్రమే పట్టుకుని ప్రచారం చేసినవాళ్ల పోస్టులూ ఆ రోజుల్లోనే తిరిగాయి. నలుగురూ ఒక మతంవాళ్లు కారన్న నిజం ఆ పోస్టుల వెనకే పరుగెత్తి అలిసిపోయింది.

డిసెంబరు 6 తెల్లవారుజామున పోలీసుల కాల్పుల్లో నలుగురు నిందితులూ చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. సూర్యుడు పైకి రాకముందే వార్త దేశమంతా పాకింది. చటాన్‌పల్లి వంతెన మీదికి జనం వచ్చి పోలీసుల మీద పూలు చల్లారు. ఆ దృశ్యాలు రోజంతా నడిచాయి. నిజంగా ఏం జరిగిందని అడిగిన గొంతులు ఆ పూట వినబడలేదు. ఆరు రోజులకు సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఆ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథనం నమ్మదగ్గది కాదని, నిందితులను చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసుల మీద హత్య అభియోగంతో విచారణ జరగాలని కమిషన్ అభిప్రాయపడింది. ఆ తర్వాత విషయం తెలంగాణ హైకోర్టు ముందుకు వెళ్లింది.

రెండు కాలాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి కథనం మన చేతికి రావడానికి నిమిషాలు పట్టింది. దాన్ని పరీక్షించిన కథనం రావడానికి రెండేళ్లు దాటింది. మొదటిదాన్ని చూసినవాళ్లలో రెండోది చదివినవాళ్లు ఎందరుంటారు? వార్త చెప్పే వేగం పెరిగినంతగా నిజం తేలే వేగం పెరగలేదు. సాక్షిని అడగడానికి, శవపరీక్ష నివేదిక చదవడానికి, సీసీ కెమెరా రికార్డు సరిచూడటానికి ఇప్పటికీ పాతకాలమంత సమయమే పడుతుంది. ఈ రెండు వేగాల మధ్య పెరిగిన దూరమే ఇవాళ్టి జర్నలిజం అసలు చిక్కు.

ఇంతవరకూ విని, ఈయన ఫోనునూ ఇంటర్నెట్‌నూ తిట్టడానికే వచ్చాడనుకోకండి. అదే జల్‌పల్లిలో ఇంకో కథ ఉంది.

2020 అక్టోబరు 13న హైదరాబాద్ మీద కుంభవృష్టి కురిసింది. శంషాబాద్ దారిలో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు పొంగి బెంగళూరు హైవేనే ముంచేసింది. జల్‌పల్లి మున్సిపాలిటీలోని ఉస్మాన్‌నగర్‌లో ఇళ్లు నీళ్లలో మునిగాయి. చాలా ఇళ్లు నెలల తరబడి అలాగే ఉన్నాయి. రాష్ట్రమంతా వరద వార్తలు అయిపోయాక, కెమెరాలు ఎన్నికల వైపు తిరిగాక కూడా అక్కడ నీళ్లు తీయలేదు. మేడల మీంచి జనం తీసిన ఫోను వీడియోలు ఆ బస్తీని ఊరు మరిచిపోకుండా చూశాయి. బస్సు డ్రైవరు చేతికి కవరు ఇచ్చే రోజుల్లో అయితే ఉస్మాన్‌నగర్ ఒకరోజు నాలుగు పంక్తుల వార్తయ్యేది. జిల్లా పేజీలో చోటు లేని వాడలకు డిజిటల్ పరిజ్ఞానం చోటిచ్చింది. డ్రైనేజీ పొంగిన వీధి, టీచరు రాని బడి, నల్లా రాని కాలనీ ఇవాళ ఎవరి దయా లేకుండా వార్త కాగలవు.

చెరువుల సంగతే తీసుకోండి. ఈ చెరువు మునుపు ఎంత ఉండేది, ఎవరు పూడ్చారు అని రాయాలంటే పాత విలేకరికి ఊరిపెద్దల మాటా, రెవెన్యూ ఆఫీసులో గుమస్తా దయా తప్ప దారి ఉండేది కాదు. ఇవాళ ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహాల నుంచి సమాచారం అందుకునే స్టేషన్ ఎక్కడో లేదు, మన షాద్‌నగర్‌లోనే ఉంది. భువన్ పోర్టల్, గూగుల్ ఎర్త్ లాంటివి తెరిచి, ఏ సంవత్సరం చెరువు ఎక్కడిదాకా ఉందో, ఏ సంవత్సరం కట్టడం లేచిందో కుర్రవిలేకరి కూడా సరిచూడవచ్చు. 2024 జులైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి చెరువుల్లో కట్టడాలు కూల్చడం మొదలుపెట్టినప్పుడు చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దును చెప్పే ఎఫ్‌టీఎల్ అనే మాట ఇంటింటా వినబడింది. ఆ హద్దు గురించి ప్రభుత్వం చెప్పింది నిజమా, ఇంటి యజమాని చెప్పింది నిజమా అని తేల్చే సాధనం విలేకరి జేబులోనే ఉంది. దాన్ని వాడి రాసిన కథనాలు ఎన్ని వచ్చాయి, బుల్డోజర్ ముందు నిలబడి ఇచ్చిన లైవ్‌లు ఎన్ని వచ్చాయి? ఆ తేడా చూస్తే తప్పు సాధనంలో లేదని తెలుస్తుంది.

మరి తప్పు ఎక్కడుంది? నా మటుకు నాకు అది జమాఖర్చుల పుస్తకంలో కనబడుతుంది. గేటు ముందు నిలబడి లైవ్ ఇస్తే ఆ నిమిషం నుంచే వ్యూస్ లెక్క మొదలవుతుంది. పాత ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని వారం రోజులు కూర్చుంటే ఆ వారం లెక్క సున్నా. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలని 2018లో నియమం వచ్చింది. చిన్న ఛానల్ పెట్టిన కుర్రవాడు ఆ గంటలు ఎలా నింపుతాడు? చెరువు సర్వే నెంబర్లు చదివితే నిండవు. సినిమావాళ్ల ఇంటి గొడవైతే ఒక్క రాత్రిలో నిండుతాయి. థంబ్‌నెయిల్ మీద ఎర్రబాణం, ఆశ్చర్యార్థకాలు, లోపల లేని సంగతి బయట రాయడం, అన్నీ ఆ లెక్క నుంచే పుట్టాయి.

మండల విలేకరి స్థితి ఇంకా కనికరించదగ్గది. ఒకప్పుడు ఆయనకు లైన్ అకౌంట్ కింద అచ్చయిన పంక్తులకు ఎంతో కొంత ముట్టేది. ఆ చిన్న మొత్తానికి తోడు ఇప్పుడు ప్రకటనలు తేవాలి, చందాలు కట్టించాలి, వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాలి, వీడియో తీయాలి, గొంతు ఇవ్వాలి. ఒకే మనిషి విలేకరి, కెమెరామన్, ఎడిటర్, ప్రకటనల ఏజెంటు. 2020 లాక్‌డౌన్‌లో పత్రికలు పేజీలు తగ్గించాయి, ఆంధ్రభూమి అచ్చు ఆగిపోయింది, ఎందరో రోడ్డున పడ్డారు. వాళ్లలో కొందరు సొంత యూట్యూబ్ ఛానల్ పెట్టుకున్నారు. పోగొట్టుకున్న ఉద్యోగానికి వాళ్లు వెతుక్కున్న బతుకుతెరువది. ఊరికే చులకన చేయకూడదు.

ఇక్కడే ఎవరు విలేకరి అన్న ప్రశ్న వస్తుంది. నాయకులకు ఈ ప్రశ్న మహా ఇష్టం. నచ్చని వార్త వస్తే, వీళ్లూ ఒక మీడియానా అంటే సరిపోతుంది. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఒక యూట్యూబ్ ఛానల్‌కు చెందిన ఇద్దరు మహిళా జర్నలిస్టులను పోలీసులు అరెస్టు చేశారు. ముఖ్యమంత్రిని ఒక రైతు తిట్టిన వీడియో ప్రసారం చేశారన్నది కేసు. ఆ భాషను నేను సమర్థించను. కానీ తెల్లవారకముందే ఇళ్లకు వెళ్లి పట్టుకురావాల్సిన నేరమా అది? అక్రెడిటేషన్ కార్డు ఉన్నవాడే విలేకరి అంటే కార్డు ఇచ్చే ప్రభుత్వమే విలేకరిని తయారుచేసినట్టవుతుంది. అలాగని మైకు పట్టిన ప్రతివాడూ విలేకరే అన్నా పొసగదు. అడిగి తెలుసుకోవడం, సరిచూడటం, తప్పు వస్తే ఒప్పుకుని దిద్దడం, ఈ మూడూ చేసేవాడు విలేకరి. పెద్ద భవనంలో కూర్చున్నా, ఫోనొక్కటే చేతిలో ఉన్నా, ఈ కొలత అందరికీ ఒకటే.

ఇప్పుడు కృత్రిమ మేధ కూడా రంగంలోకి దిగింది. 2023 జులైలో ఒక తెలుగు ఛానల్ మాయ అనే కృత్రిమ యాంకర్‌ను పరిచయం చేసింది. వార్తలు చదివే బొమ్మ వల్ల నాకు పెద్ద భయం లేదు. అసలు పరీక్ష 2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలో ఎదురైంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన నాలుగు వందల ఎకరాల్లో చెట్లు నరకడం మొదలైంది. బుల్డోజర్ల ముందు జింకలు పరుగెడుతున్నట్టు, నెమళ్లు ఏడుస్తున్నట్టు కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు లక్షల మందికి చేరాయి. అవి నకిలీవని ప్రభుత్వం కేసులు పెట్టింది. బొమ్మలు నకిలీవన్నది నిజమే. మరి అడవిని కొట్టేస్తున్నారన్నది? ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు హైకోర్టు రిజిస్ట్రార్‌ను అక్కడికి వెళ్లి చూసి రమ్మంది. ఆయన వెళ్లారు, చూశారు, అదే రోజు నివేదిక పంపారు. సుమారు వంద ఎకరాలు ధ్వంసమైందని, అక్కడ నెమళ్లు, జింకలు ఉన్నాయని అందులో ఉంది. కోర్టు వెంటనే పనులు ఆపించింది.

ఇందులో బొమ్మలు పంచినవాళ్లకూ, ప్రభుత్వానికీ పాఠం ఉంది. నిజమైన కష్టానికి నకిలీ బొమ్మ అతికిస్తే ఆ కష్టాన్నే కొట్టిపారేయడానికి అవతలివాళ్లకు సాకు దొరుకుతుంది. ఒక నకిలీని చూపించి మొత్తం వ్యవహారమే అబద్ధమనడం ప్రభుత్వాలకు తేలికైన ఉపాయమవుతుంది. ఈ రెంటి మధ్యా చిక్కుముడి విప్పింది ఏ సాఫ్ట్‌వేరూ కాదు. కాళ్లతో నడిచి, కళ్లతో చూసి, సంతకం పెట్టిన ఒక మనిషి. ఆ పని మొదట విలేకరిది. హైదరాబాద్ నుంచే పనిచేస్తున్న ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి సంస్థలు నిజనిర్ధారణను ప్రత్యేక వృత్తిగా చేస్తున్నాయి. వాళ్ల పని మెచ్చుకోదగ్గది. కానీ ఒకప్పుడు ప్రతి డెస్కులో జరగాల్సిన పనికి ఇప్పుడు వేరే సంస్థలు పెట్టుకోవాల్సి వచ్చిందంటే, డెస్కు దగ్గర ఏదో ఊడిపోయిందనే అర్థం.

మరేం చేయాలి? వేగాన్ని వెనక్కి తిప్పలేం. పోయిన వ్యవధిని మళ్లీ కావాలని ఏర్పాటు చేసుకోవాలి. దానికి నాలుగు పనులు నాకు తోస్తున్నాయి. ఒకటి, నేరాల్లో బాధితుల పేరూ ఫొటో, ప్రైవేటు ఇళ్ల లోపలి దృశ్యాలు, లైవ్‌లో పంపే అధికారం గేటు దగ్గరున్న విలేకరికి ఉండకూడదు. ఆ నిర్ణయం డెస్కులో బాధ్యత గల ఒకరు తీసుకోవాలి. అప్పుడు లోపలికి పరిగెత్తాల్సిన ఒత్తిడి విలేకరి మీద ఉండదు. ఆయన ఒంటికీ రక్షణ ఉంటుంది. రెండు, తప్పు ఎంత పెద్ద అక్షరాల్లో వెళ్లిందో, సవరణ కూడా అంతే పెద్దగా, అదే ఛానల్లో, అదే వేళకు వెళ్లాలి. చడీచప్పుడు లేకుండా వీడియో తీసేస్తే సరిపోదు. మూడు, పంపిన వార్తల లెక్కతో పాటు సరిచూసి ఆపిన వార్తల లెక్క కూడా సంస్థలు చూడాలి. పుకారని తేల్చి ఆపిన విలేకరికి ఆ రోజు కూలి దక్కాలి. ఇవాళ ఆగినవాడికి మిగిలేది మందలింపే. నాలుగోది మనది. ఉస్మాన్‌నగర్ నీళ్ల గురించి రాసినవాడికి చందా కట్టని మనం, సినిమావాళ్ల గేటు ముందు లైవ్‌ను మాత్రం రాత్రంతా ఉచితంగా చూస్తాం. మన చూపు కూడా డబ్బే. ఎవరి జేబులో వేస్తున్నామో తెలుసుకుని వేయాలి.

ఆగి సరిచూడటానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఒకప్పుడు బస్సు ఆలస్యంలో, అచ్చుయంత్రం వేళల్లో కలిసిపోయి ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు అది విడిగా బిల్లు రూపంలో బయటపడింది. యజమానులు కట్టకపోతే, పాఠకులూ శ్రోతలూ కట్టకపోతే, జల్‌పల్లిలో ఒక విలేకరి కట్టినట్టు, శంషాబాద్‌లో ఒక కుటుంబం కట్టినట్టు, ఆ బిల్లు ఎప్పుడూ అతి బలహీనుడి చేతికే వస్తుంది.